ఏటి ఒడ్డు పెద్దల జ్ఞాపకాలను సేకరించడం ఎలా?

శ్రీకాకుళం జిల్లా హిరమండలానికి దిగువన, వంశధార నది ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో, ఎనభై దాటిన ఒక మామ్మను నేను మొదటిసారి అడిగిన ప్రశ్న "వంశధార గురించి మీకేం గుర్తుంది?" అన్నది. "ఏటుంటాది బాబూ" అని ఆమె నవ్వి ఊరుకున్నారు. అరగంట తరువాత, మాటల మధ్యలో, వేసవిలో ఏటికి నీళ్లకు వెళ్లేవారా అని అడగగానే ఆమె ముందుకు జరిగి కూర్చున్నారు. ఏరు సన్నబడిన రోజుల్లో ఇసుకలో మోచేతి లోతున చెలమ తవ్వి, మొదట ఊరిన బురదనీటిని పారబోసి, తేటనీరు ఊరేదాకా పక్కనే కూర్చుని, కొబ్బరి చిప్పతో బిందెలోకి తోడుకునే తీరును రెండు చేతులతో చూపించారు. ఆ చేతుల కదలిక రికార్డింగులోకి ఎక్కదు కనుక పుస్తకంలో రాసుకోవలసి వచ్చింది.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఒడ్డున పుట్టి పెరిగినవారికి నది "ఏరు", చిన్న ప్రవాహం "గెడ్డ". వంశధార, నాగావళి, చంపావతి అనే పేర్లతో అడిగితే పాఠం అప్పజెప్పమన్నట్టుగా ఉంటుంది. అందువల్ల నదిని గురించి కాకుండా ఒక పనిని, ఒక చోటును, ఒక కాలాన్ని గురించి అడగాలి. పడవ ఏ రేవున ఆగేది, దాటించినవారికి చిల్లర ఇచ్చేవారా లేక పంట వచ్చాక కళ్లంలో ధాన్యం కొలిచేవారా, వరద తగ్గాక పొలంలో ఇసుక మేట వేసిందా, ఒండ్రు వేసిందా అన్నటువంటి ప్రశ్నలకు ఎవరూ ఒక్క మాటతో జవాబు చెప్పరు.

వెళ్లేముందు ఆ ఊరు ఆనకట్టకు ఎగువన ఉందో దిగువన ఉందో తప్పక తెలుసుకోవాలి. వంశధారపై గొట్టా బ్యారేజీ, నాగావళిపై తోటపల్లి, సువర్ణముఖిపై మడ్డువలస వంటి నిర్మాణాలు ఒకే నదికి రెండు రకాల జ్ఞాపకాలను మిగిల్చాయి. కాలువ కింద ఉన్న రైతు నీళ్లు రావడం గురించి చెబితే, జలాశయం కోసం ఊరు విడిచినవారు ఇల్లు, గుడి, చెట్టు ఎక్కడ ఉండేవో చెబుతారు. నా లెక్కలో ముందుగా కలవవలసింది రెండోవారినే. పునరావాస కాలనీల్లో చెదిరిపోయినందున, ఒకరు మరచినదాన్ని అందించే పొరుగువారు వారి పక్కన లేరు.

సంవత్సరం ఎప్పుడూ నేరుగా అడగకూడదు. "పెద్దమ్మాయి పుట్టకముందా, తరువాతా?" అని అడిగి, ఆ జవాబును తెలిసిన తేదీలతో సరిచూసుకోవాలి. 1980 నాటి వంశధార వరద, 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుఫాను ఇందుకు గట్టి గుర్తులు. జిల్లా పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. పార్వతీపురం పరిసరాల్లో 1940లో పుట్టిన మనిషి ఇల్లు కదలకుండానే విశాఖపట్నం, 1950 నుంచి శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లావాసి అయ్యారు. ఆయన ఏ జిల్లా పేరు చెబితే అదే రాసి, నేటి పేరును పక్కన చేర్చాలి.

నాగావళి ఒడ్డున తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. బలరాముడు నాగలితో నదిని రప్పించాడనీ, గుంప, సంగాం, శ్రీకాకుళం, కళ్లేపల్లి వంటి చోట్ల శివలింగాలను ప్రతిష్ఠించాడనీ స్థలపురాణం చెప్పి, అంతటితో పని అయిపోయిందని పెద్దలు భావిస్తారు. దాన్ని శ్రద్ధగా వినాలి, రికార్డు కూడా చేయాలి. ఆ తరువాత, చిన్నప్పుడు శివరాత్రికి సంగాం ఎలా వెళ్లేవారు, బండి మీదా, నడిచా, రాత్రి ఎక్కడ పడుకునేవారు, ఏం వండుకునేవారు అని అడిగితే వారి సొంత కథ మొదలవుతుంది.

ఇంటి పెద్దాయన ఎదుట ఉంటే ఆడవాళ్ల జవాబులు కూడా ఆయనే చెప్పేస్తారు. చింతపండు గింజ తీసే రోజుల్లో మళ్లీ వెళ్లి, వారితోపాటు కూర్చుని గింజ తీస్తూ అడగడం మేలు. ఏ రేవు ఎవరిది, ఎవరిని ఏ రేవులోకి రానిచ్చేవారు కాదు అన్న ప్రశ్నను పదిమందిలో కాక, ఒంటరిగా ఉన్నప్పుడు, అదీ రెండో పర్యాయంలో అడగాలి. ఇసుక, భూమి తగాదాల ప్రస్తావన వస్తే రికార్డింగు ఆపమంటారా అని మనమే అడగాలి.

పరికరాల సంగతి చిన్నదే. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టి, ఫ్యాన్ ఆపించి, అనుమతి అడిగిన మాటతోనే రికార్డింగు మొదలుపెట్టాలి. ఒడ్డున గాలి హోరు మాటను మింగేస్తుంది; అక్కడికి చూడటానికి వెళ్లి, మాట్లాడటానికి ఇంటికి రావాలి. గంట దాటితే పెద్దవారు అలసిపోతారు. కాగితం మీదికి ఎక్కించేటప్పుడు "గెడ్డ"ను "వాగు"గా, "ఎల్తన్నాం"ను "వెళ్తున్నాం"గా దిద్దకూడదు.

చివరి పని, రాసినదాన్ని తీసుకెళ్లి చదివి వినిపించడం, ఒక ప్రతిని కుటుంబానికి ఇవ్వడం. ఆ మామ్మకు చదివి వినిపించినప్పుడు చెలమ దగ్గర నన్ను ఆపారు. మోచేతి లోతు మాఘమాసంలోనట. చైత్రం వచ్చేసరికి చెయ్యి భుజం దాకా దిగేదట. ఆ సవరణను తేదీ వేసి పక్కన రాసుకున్నాను, ముందు చెప్పిన మాటను కొట్టివేయలేదు.