కుక్క పక్కకు రాగానే డిటెక్టర్ మోగుతుంటే: నా అనుభవం
ఇంగ్లండ్‌లో, రైతు అనుమతిచ్చిన పొలంలో నేలలోని లోహ వస్తువుల కోసం వెతుకుతుంటే మా కుక్క పక్కకు రాగానే మెటల్ డిటెక్టర్ ఊరికే మోగేది. సెన్సిటివిటీ తగ్గించడం, గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాలకు మోగకుండా చేసే సర్దుబాటు), ఫ్రీక్వెన్సీ మార్చడం, ఏవీ పనిచేయలేదు.

చివరికి డిటెక్టర్‌ను బల్లపై ఉంచి, కాయిల్ (లోహాన్ని పసిగట్టే, నేలపై ఊపే భాగం) ముందు కుక్క సామాను ఒక్కొక్కటిగా ఊపాను. ఊపాల్సిందే, కాయిల్ గానీ లోహం గానీ కదులుతుంటేనే చాలా డిటెక్టర్లు పట్టుకుంటాయి. ఇత్తడి బిళ్ల, తాడు కొక్కెం గట్టిగా మోగాయి. అయితే బిళ్ల తీసేసి ఊరుకోలేం: అక్కడి 1992 నాటి ఉత్తర్వు ప్రకారం బహిరంగ స్థలంలో కుక్క మెడపట్టీకి యజమాని పేరు, చిరునామా ఉండాలి. అందుకే ప్లాస్టిక్ బకిల్ గల గుడ్డ పట్టీపై పేరు, చిరునామాను దారంతో కుట్టించాను. తర్వాత తాడును కొక్కెం లేకుండా పట్టీకే ముడివేసి, రెండో కొసను కాయిల్ ఊపే చేతికి అవతలి వైపు నడుముకు కట్టుకున్నాను. మోత ఆగింది!

పెద్ద కాయిల్ అయితే కుక్క దాని దగ్గరికి రాకుండా తాడు ఇంకా పొట్టిగా ఉండాలేమో. కరెంటు కంచె పక్కన మోగితే మాత్రం కారణం వేరే కావచ్చు.