జునిపర్ బోన్సాయ్, ఐదో పాఠం: చివర్లు గిల్లొద్దు

కిందటి పాఠంలో, కుండీలో పొట్టిగా పెంచుతున్న మన జునిపర్ చెట్టుకి మొదటిసారి వైరు చుట్టి, కొమ్మల్ని కిందికి దించి వదిలేశాం. ఏడాది పాటు నీళ్లూ ఎరువూ తప్ప ఇంకేం వద్దన్నాను. మాట విన్నవాళ్ల చెట్టు ఇప్పుడు నూనె రాయని జుట్టులా నాలుగు వైపులకీ చెదిరి ఉంటుంది. వైరు చుట్టిన రోజు ఫొటోలో కనిపించిన ఆకారం ఎక్కడా ఉండదు. కంగారు పడకండి, ఈ పాఠానికి అలా చెదిరిన చెట్టే కావాలి. ఆగలేక మధ్యలో కత్తెర పట్టినవాళ్లు మాత్రం ఇది చదివి పక్కన పెట్టి, వచ్చే ఏడాది మొదలుపెట్టండి.

ముందు ఒక్క రెమ్మని దగ్గరగా చూద్దాం. నా దగ్గరున్నది షింపాకు, జపాన్ కొండల్లో రాళ్ల మధ్య పెరిగే రకం. రెమ్మని వేళ్ల మీద పరిచి చూస్తే విడి ఆకులు కనపడవు. సన్నటి పొలుసులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, బిగించి అల్లిన జడలా ఉంటాయి. లోపల ముదురు ఆకుపచ్చ, చివర లేత పసుపు కలిసిన పచ్చ. ఆ లేత చివర్లలో కొన్ని మిగతావాటిని దాటుకుని అంగుళం, అంగుళన్నర ముందుకు పొడుచుకొస్తాయి. వీటిని రన్నర్లు అంటారు. ఒక రన్నర్‌ని పట్టుకుని మొదలు వైపు వేలు జరుపుతూ వెళ్లండి. ఒకచోట పచ్చదనం అయిపోయి గోధుమరంగు పుల్ల తగులుతుంది. ఆ చోటు గుర్తుపెట్టుకోండి, కత్తెర పడేది అక్కడే.

మీది ప్రొకంబెన్స్ నానా అనే జునిపర్ రకం అయితే ఈ పొలుసులు వెతకొద్దు. దానికి ఎప్పుడూ గుచ్చుకునే సూదాకే. మిగతా పాఠమంతా దానికీ వర్తిస్తుంది.

ఇక అసలు సంగతి. మొక్క కనపడితే చివర గిల్లడం మన చేతులకి అలవాటు. తులసి వెన్ను గిల్లుతాం, చామంతి నారు తల తుంచుతాం. తుంచినచోట రెండు చిగుళ్లు లేచి మొక్క గుబురెక్కుతుంది. మూడేళ్ల కిందట అమ్మ గుంటూరు నుంచి మా ఇంటికి, నార్త్ కరోలినాకి, ఆరు నెలలు ఉండటానికి వచ్చింది. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో డెక్ మీదికి, అంటే ఇంటి బయటి చెక్క అరుగు మీదికెళ్లి, నా జునిపర్ పక్కన కుర్చీ వేసుకుని, ఒక్కో చివరా గోటితో తీసేసేది. నేను ఆఫీసు కాల్స్‌లో పడి చూసుకోలేదు. జులైకల్లా చెట్టు క్షవరం చేయించుకున్నట్టు నున్నగా తయారైంది.

"ఏంటమ్మా ఇది?"

"గుబురుగా వస్తుందిరా. తులసికి గిల్లమూ?"

నిజం చెప్పొద్దూ, ఆ నెల నాకూ ముచ్చటగానే అనిపించింది. ఆగస్టులో గిల్లిన చివర్లన్నీ తుప్పురంగుకి తిరిగాయి. మరుసటి వసంతంలో పొలుసుల బదులు ముళ్లలాంటి సూదాకు వచ్చింది. అది మళ్లీ పొలుసుకి తిరగడానికి రెండేళ్లు పట్టింది. అమ్మని అనడానికి లేదు. వేసవంతా వేళ్లతో చివర్లు గిల్లుతూ ఉండమని బోన్సాయ్ వాళ్లే ఒకప్పుడు నేర్పేవారు. ఇప్పుడు జునిపర్‌తో గట్టిగా పనిచేసేవాళ్లలో చాలామంది ఆ పద్ధతి వదిలేశారు. నేనూ వదిలేశాను. డెక్ మీద ఇప్పుడు ఒక తులసి కుండీ కూడా ఉంది, అమ్మ చేతికి పని ఉండాలిగా.

కారణం తెలిస్తే చెయ్యి దానంతటదే ఆగుతుంది. జునిపర్ బలమంతా ఆకులోనే ఉంటుంది. పెరిగే చివర్లలో తయారయ్యే హార్మోన్ కిందికి దిగి, కొత్త వేర్లు వెయ్యమని చెబుతుంది. చివర్లన్నీ ఒకేసారి పోతే వేర్లకి ఆ కబురు అందదు. వేర్లు మందగిస్తే పైన రెమ్మలు నీరసిస్తాయి. నీరసించిన జునిపర్ ముదిరిన పొలుసాకు మానేసి చిన్ననాటి సూదాకు వేస్తుంది. కాబట్టి సూదాకు కనపడితే అది మనం అతి చేశామని చెట్టు చెబుతున్న మాట. ఇంకొకటి ఉంది. వేప కొమ్మ నరికితే మోడులోంచి కూడా చిగురు తన్నుకొస్తుంది. జునిపర్ అలా కాదు. ఆకు లేని వట్టి కొమ్మ మీద మళ్లీ చిగురు వస్తుందని ఆశపడొద్దు. ఒక కొమ్మకున్న ఆకంతా తీసేస్తే ఆ కొమ్మ చచ్చినట్టే.

మరి ఎప్పుడు, ఎలా కత్తిరించాలి? మా దగ్గర రన్నర్లు ఏప్రిల్‌లో మొదలై జూన్ మొదటి వారానికి బాగా సాగుతాయి. అంతవరకూ చూస్తూ కూర్చోవడమే. సాగాక సన్నమొన కత్తెర తీసుకుని, చెట్టు ఆకారపు అంచుగీతని దాటి పోయిన రన్నర్‌ని మాత్రం పట్టుకోండి. ఇందాకటి గోధుమరంగు పుల్ల దగ్గర, పక్క రెమ్మ ఒకటి చీలే చోటుకి కొంచెం పైన తెంపండి. ఆ పక్క రెమ్మే ఇక ముందు కొత్త చివర అవుతుంది. పచ్చటి పొలుసుల మధ్యలోంచి అడ్డంగా కోస్తే కోసిన ప్రతిచోటా గోధుమరంగు చుక్క మిగిలి, దూరం నుంచి చూస్తే చెట్టుకి చుండ్రు పట్టినట్టుంటుంది. ఒక్కో రెమ్మ వెతికి కొయ్యడం నెమ్మది పనే. అడుగు ఎత్తు చెట్టుకి నాకు రెండు గంటలు పడుతుంది, నడుము లాగుతుంది. హెడ్జి కత్తెరతో నాలుగు కోతల్లో ముగిద్దామనిపిస్తే ఆ రోజుకి లేచి వెళ్లిపోండి.

ఎంత తియ్యాలన్నదానికి నా లెక్క: ఒక ఏడాదిలో మొత్తం ఆకులో మూడోవంతుకి మించొద్దు. అదీ చెట్టంతా సమానంగా కాదు. పై భాగం, బయటి అంచులు ఎప్పుడూ బలంగా ఉంటాయి. కింది కొమ్మలు, లోపలి చిన్న రెమ్మలు బక్కచిక్కి ఉంటాయి. బలమున్నచోట కొయ్యండి, లేనిచోట కత్తెర తాకనివ్వొద్దు. ముఖ్యంగా లోపల, కొమ్మ మొదట్లో, గోరంత పచ్చగా ఉన్న రెమ్మలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు శుభ్రం పేరుతో ముందు వాటినే పీకేస్తారు. నేను పాడుచేసిన మొదటి చెట్టు అలాగే పోయింది. నాలుగేళ్ల తర్వాత బయటి భాగం బాగా సాగిపోయి, కొమ్మని వెనక్కి కుదించాలనుకుంటే లోపల ఒక్క పచ్చ రెమ్మ కూడా లేదు. ఆ గోరంత రెమ్మలే రేపటి కొమ్మలు. వాటికి వెలుతురు చేరేలా బయటివాటిని పలచన చెయ్యడమే ఈ కోత పరమార్థం.

తీసెయ్యాల్సినవీ ఉన్నాయి. కొమ్మ అడుగున కిందికి వేలాడే రెమ్మలు, కొమ్మలు చీలే చంకలో ఇరుక్కున్న రెమ్మలు, ఎండిపోయి రంగు మారిన లోపలి చెత్త. చెట్టుని కంటి ఎత్తులో పెట్టి కింది నుంచి పైకి చూడండి. ప్రతి ఆకు గుంపు అడుగూ చక్కటి గీతలా కనపడాలి. పైభాగం కొంచెం ఉబ్బెత్తుగా ఉండొచ్చు. అయితే మరీ గుండ్రంగా, ఒకే సైజులో చేస్తే ఇడ్లీ పాత్రలో వాయ పెట్టినట్టుంటుంది. నా మూడో చెట్టు ఫొటో చూసి మా బావగారు "చట్నీ ఏదండీ" అన్నారు.

ఆ ఇడ్లీ తప్పించుకోవాలంటే రెండో వైరింగ్ కావాలి. ఇది ఆకు కోసిన జూన్‌లో కాదు, అక్టోబరు చివర నుంచి మొదలుపెట్టండి. మట్టి గడ్డకట్టే రోజుల్లో మాత్రం వంచొద్దు. మొదటిసారి పెద్ద కొమ్మలకి చుట్టాం, ఇప్పుడు 1, 1.5 మి.మీ. అల్యూమినియం వైరుతో చిన్న రెమ్మలకి. ఒకే వైరు రెండు కొసలూ పక్కపక్కనున్న రెండు రెమ్మలకి పోతే రెంటికీ పట్టు దొరుకుతుంది. తర్వాత రెమ్మల్ని తాటాకు విసనకర్ర విప్పినట్టు పక్కలకి పరవండి, ఒకదాని నీడ ఇంకొకదాని మీద పడకుండా. పాత వైరు బెరడులోకి దిగుతుంటే తిప్పి లాగొద్దు, వైర్ కట్టర్‌తో ముక్కలు ముక్కలుగా తెంపి తియ్యండి. తీశాక కొమ్మ మళ్లీ పైకి లేస్తే అది మామూలే. నా చెట్టు ఎడమ కొమ్మ మూడుసార్లు చుట్టించుకుని గానీ నిలవలేదు.

వాషింగ్టన్ వెళ్లే మనవాళ్లు వైట్‌హౌస్ ముందు ఫొటో దిగి తిరిగొచ్చేస్తారు. ఈసారి అక్కడి నేషనల్ ఆర్బొరేటం అనే చెట్ల తోటలో బోన్సాయ్ మ్యూజియం చూడండి. 1976లో అమెరికా స్వాతంత్ర్యానికి రెండు వందల ఏళ్లు నిండినప్పుడు జపాన్ ఇచ్చిన 53 చెట్లతో అది మొదలైంది. అక్కడి గోషిన్ అనే జునిపర్ల వనాన్ని బోన్సాయ్ గురువు జాన్ నాకా 1948లో మొదలుపెట్టి, 1984లో మ్యూజియానికి ఇచ్చారు. మొత్తం 11 చెట్లు, ఆయన మనవలు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. అందరూ ఎదురుగా నిలబడి వనమంతా ఒకేసారి చూస్తారు. మీరు కొంచెం వంగి ఒకే చెట్టుని పట్టుకుని, కొమ్మకీ కొమ్మకీ మధ్య ఎంత ఖాళీ వదిలారో చూడండి. మనం ఆకు పెంచుదామని చూస్తాం, చూపు నిలిచేది మాత్రం ఆ ఖాళీ దగ్గరే.

ఆకు కోసిన ఏడాది కుండీ మార్చొద్దు. కుండీ మార్చిన ఏడాది ఆకు కొయ్యొద్దు. వేర్ల మట్టి మార్చేటప్పుడు కూడా మొత్తం కడిగెయ్యకుండా ఈసారి సగం, రెండు మూడేళ్ల తర్వాత మిగతా సగం. జునిపర్ చచ్చిపోయాక కూడా కొన్ని వారాలు పచ్చగానే ఉంటుంది, అందుకే ఏ పని దెబ్బతీసిందో వెంటనే తెలియదు. రెండు పెద్ద పనులు ఒకే ఏడాది చేస్తే కారణం అసలే దొరకదు. హైదరాబాదులో పెంచేవాళ్లు మే నెలలో ఈ కోత పెట్టుకోకండి, చెట్టుని షేడ్ నెట్ కిందికి జరిపి ఎండలు తగ్గేదాకా ఆగండి. ఎక్కడున్నా ఇంట్లో, టీవీ పక్కన మాత్రం పెట్టొద్దు.

గుబురైన చెట్టులో ఎర్రనల్లి అనే సన్నటి పురుగు దాక్కుంటుంది. ఆకు మసకబారి, దుమ్ము పట్టినట్టు బూడిదరంగుకి తిరుగుతుంటే కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి రెండుసార్లు తట్టండి. మిరియప్పొడి చల్లినట్టు చుక్కలు రాలతాయి. ఒక నిమిషం కళ్లార్పకుండా చూడండి. చుక్కలు నడుస్తుంటే నల్లే. నాలుగైదు రోజులకోసారి ఆకు అడుగు నుంచి పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి, పది రోజుల తర్వాత మళ్లీ కాగితం పరీక్ష.

ఆరో పాఠం జిన్, షారి గురించి. ఎండిన కొమ్మనీ మానునీ చెక్కి తెల్లగా నిలపడం. అప్పటిదాకా ఇంటిపని: చెట్టు ముందు వైపు నుంచి ఒక ఫొటో, నేల నుంచి పైకి ఒక ఫొటో తియ్యండి. రంగు దారం ముక్కలు పది తీసుకుని, కొయ్యాలనుకున్న రన్నర్ల మొదట్లో వదులుగా కట్టండి. కొయ్యకండి. వారం తర్వాత మళ్లీ వెళ్లి చూసి, ఎన్ని దారాలు విప్పేశారో లెక్క రాసి పెట్టుకోండి. నేను మొదటిసారి కట్టిన పదింటిలో ఆరు విప్పేశాను.