క్వారీ డబ్బు జమపడే పంచాయతీలు దసరా నుంచి మార్చి దాకా తీసుకోవలసిన జాగ్రత్తలు

టెక్కలి వైపు ఒక పంచాయతీలో ఈమధ్య రక్షిత నీటి పథకం వారాల తరబడి ఆగిపోయింది. మోటారు కాలిపోలేదు, బోరూ ఎండిపోలేదు. కరెంటు బకాయి పేరుకుపోయింది, జీతం అందక పంపు ఆపరేటరు పని మానేశాడు, అంతే. ఆ ఊరి పక్క కొండలో సగం లారీలెక్కి వెళ్లిపోయింది. కొండనే అమ్ముకున్న ఊళ్లో నీళ్లకు డబ్బు లేకపోవడమేమిటని జనం ఇప్పటి సర్పంచ్ మీద పడ్డారు. నన్నడిగితే తప్పు అతనిది కాదు. కొన్నేళ్ల కిందట సీనరేజి (తవ్విన ఖనిజం మీద ప్రభుత్వం వసూలు చేసే రుసుము) వాటా ఒక్కసారి పెద్ద మొత్తంలో జమపడినప్పుడు, ఆ ఊపులో తీర్మానాలు రాసిన వారిది. అదనంగా పారిశుధ్య కార్మికులను పెట్టుకున్నారు, వీధి దీపాలు పెంచారు, కొత్త ట్యాంకు కట్టి రెండో మోటారు బిగించారు. తర్వాత క్వారీ లీజు గడువు ముగిసింది. జమ ఆగింది, ఖర్చు మాత్రం ఆగలేదు.

ఇలాంటి పంచాయతీలు మన రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి. శ్రీకాకుళంలో టెక్కలి, మెళియాపుట్టి వైపు నీలి గ్రానైటు. విజయనగరంలో గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు. రెండు చోట్లా కంకర క్రషర్లు, గ్రావెల్ గుట్టలు, నాగావళి ఇసుక. శ్రీకాకుళంలో వంశధార ఇసుక కూడా. వానలు తగ్గి గుంతల్లో నీళ్లు తోడేశాక తవ్వకం జోరందుకుంటుంది. అక్టోబరు 2 నుంచి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక గ్రామసభలు మొదలవుతాయి. ఒకవైపు టిప్పర్లు తిరుగుతుంటాయి, మరోవైపు ఖర్చుల జాబితా రాస్తుంటారు. ప్రమాదకరమైన కాలం ఇదే.

పేలుడు సమయంలో పశువులను అటు తోలవద్దు, టిప్పరు మీద టార్పాలిన్ కప్పించండి వంటివి అందరూ చెప్పేవే. ఇది డబ్బు గురించి.

ముంచే తప్పు ఒక్కటే

క్వారీ డబ్బు మీద నెలవారీ ఖర్చు పెట్టుకోవద్దు. నేను చూసిన చితికిపోయిన పంచాయతీల్లో దొంగతనం వల్ల చితికినవి తక్కువే. మంచి మనసుతో, ఊరికి మేలు చేద్దామని, రాయి డబ్బుతో జీతాలూ బిల్లులూ మొదలుపెట్టి చితికినవే ఎక్కువ.

ఇంటి పన్ను చిన్నదే, తిట్లు తిని వసూలు చేయాలి, కానీ ఏటా వస్తుంది. రాయి డబ్బు ఆగడానికి ఎన్ని దారులో చూడండి. లీజు ముగుస్తుంది. పర్యావరణ అనుమతి ఆగుతుంది. అయిదు హెక్టార్లలోపు చిన్న క్వారీకి కూడా ఆ అనుమతి ఉండాలని సుప్రీంకోర్టు 2012లో దీపక్ కుమార్ కేసులో చెప్పింది. విదేశాల్లో గిరాకీ పడిపోతే గ్రానైటు బ్లాకులు క్వారీలోనే ఉండిపోతాయి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఎగుమతి మీద బతికే ఊళ్లకు అది తెలిసొచ్చింది. ప్రభుత్వ విధానం మారుతుంది: 2024 జులైలో ఉచిత ఇసుక విధానం వచ్చింది, అదే ఏడాది ఇసుక మీద సీనరేజి కూడా ఎత్తేశారు. ఇల్లు కట్టుకునేవాడికి అది మేలే. నది ఒడ్డు పంచాయతీ బడ్జెట్‌లో మాత్రం ఒక పద్దు మాయమైంది. ఇవేవీ జరగకపోయినా రాయి అయిపోతుంది. గరివిడి ప్రాంతంలో మాంగనీసు తవ్వకం పందొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలైంది. తవ్వి వదిలేసిన గుంతలు అక్కడ ఎవరైనా చూపిస్తారు.

కాబట్టి ప్రతి పనికీ ముందు ఒక ప్రశ్న వేయండి: ఈ ఖర్చు వచ్చే ఏడాది మళ్లీ వస్తుందా? వస్తుందంటే అది రాయి డబ్బుతో చేసే పని కాదు.

ఇక్కడ చాలామంది ఒక మెలిక దగ్గర జారిపోతారు. “మేము జీతాలు పెట్టలేదండీ, ఆస్తులే కట్టాం” అంటారు. ట్యాంకు ఆస్తే. దాన్ని నింపే మోటారుకు నెలనెలా కరెంటు కావాలి, వాల్వు తిప్పడానికి మనిషి కావాలి, బ్లీచింగ్ కావాలి. నీటి శుద్ధి ప్లాంటు ఆస్తే, దాని ఫిల్టర్లు మార్చాలి. కమ్యూనిటీ హాలుకు సున్నమూ స్వీపరూ కావాలి. కట్టడం ఒక్కసారి ఖర్చులా కనిపిస్తుంది కానీ, నెలవారీ ఖర్చును వెంటబెట్టుకొని వస్తుంది. అందుకే తీర్మానంలో అంచనా వ్యయం పక్కన రెండో అంకె రాయండి: ఇది నడవడానికి నెలకు ఎంత, ఆ సొమ్ము ఏ పన్ను నుంచి వస్తుంది. ఆ రెండో అంకె రాయలేకపోతే ఆ పని పక్కన పెట్టండి.

మరి దేనికి ఖర్చు చేయాలి? నెలవారీ ఖర్చును తగ్గించే పనులకు. కరెంటు ఎక్కువ తినే పాత మోటారు మార్చండి. లీకయ్యే పైపులైను తీసి కొత్తది వేయండి. నీళ్లు కారిపోకపోతే మోటారు తక్కువ గంటలు తిరుగుతుంది. మిగిలిన పాత దీపాల స్థానంలో ఎల్‌ఈడీ వేయండి. స్థలముంటే పంపుకు సౌర ఫలకాలు పెట్టించండి. చెరువు గట్టు, కాలువ తూము సరిచేయించండి. ఇలాంటి పనులకు శిలాఫలకం పెద్దగా కనిపించదు కనుక ఉత్సాహం తక్కువ. రాయి అయిపోయాక ఊరికి మిగిలేవి మాత్రం ఇవే.

అమెరికాలోని అలాస్కా రాష్ట్రం 1976లో తన రాజ్యాంగాన్నే సవరించి, ఖనిజ ఆదాయంలో కనీసం 25 శాతం ఒక నిధిలో వేయాలని, అందులో అసలు సొమ్ము ముట్టరాదని రాసుకుంది. అక్కడ ఆ ఖనిజం ప్రధానంగా చమురు. మన పంచాయతీ చేతిలో అలాంటి తాళం లేదు. ట్రెజరీలో వదిలేసిన మొత్తాన్ని పొదుపు అనుకోవద్దు. 2021లో మన రాష్ట్రంలో పంచాయతీల ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేసినప్పుడు సర్పంచులు రోడ్డెక్కారు. సర్దుబాటు మాత్రం జరిగిపోయింది. మన స్థాయిలో పొదుపు అంటే స్టోరు గదిలో ఉన్న స్పేర్ మోటారు, పైపులు, జాయింట్లు, స్టార్టరు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. తుపాను తర్వాత బిల్లు పెట్టి, ఆమోదం పొంది, సామాను తెచ్చుకునేంత తీరిక ఉండదు.

ఏ డబ్బు ఏదో విడదీయండి

గ్రానైటు, కంకర, గ్రావెల్, ఇసుక చిన్న ఖనిజాలు. వీటిలో ఇసుక తప్ప మిగతావాటి మీద గనుల శాఖ సీనరేజి వసూలు చేస్తుంది, అందులో స్థానిక సంస్థలకు వాటా. మాంగనీసు పెద్ద ఖనిజం, దాని రాయల్టీ రాష్ట్రానికి పోతుంది. మాంగనీసు ఊళ్లకు పట్టుకొమ్మ జిల్లా ఖనిజ ఫౌండేషన్.

ఆ ఫౌండేషన్ 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో వచ్చింది. పెద్ద ఖనిజాల లీజుదారు రాయల్టీకి అదనంగా, పాత లీజైతే దానిలో 30 శాతం, వేలంలో వచ్చిన కొత్త లీజైతే 10 శాతం ఫౌండేషన్‌కు కట్టాలి. చిన్న ఖనిజాలకు ఎంతన్నది రాష్ట్రం నిర్ణయిస్తుంది. ఈ సొమ్ము పంచాయతీ ఖాతాలోకి రాదు, జిల్లా స్థాయిలో పనులుగా మంజూరవుతుంది. 2024 జనవరిలో సవరించిన మార్గదర్శకాల ప్రకారం కనీసం 70 శాతం తాగునీరు, వైద్యం, విద్య, కాలుష్య నివారణ వంటి ప్రాధాన్య పనులకు వెచ్చించాలి. గనికి 15 కిలోమీటర్ల లోపు ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతం, 25 లోపు పరోక్షం. మీ ఊరు ఎందులో ఉందో మ్యాపు మీద కొలిపించండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక కొన్ని మండలాలు పార్వతీపురం మన్యంలో చేరాయి. గని ఒక జిల్లాలో, దుమ్ము మరో జిల్లాలో ఉన్నచోట ఎవరూ అడగకపోతే ఎవరూ ఇవ్వరు. అడగడమంటే కలెక్టరేట్‌లో నోటిమాట కాదు. గ్రామసభ తీర్మానం జతపరిచిన అర్జీ, దాని మీద స్వీకరించినట్టు ముద్ర.

కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు వేరు. 15వ ఆర్థిక సంఘం కాలంలో (2021–26) అందులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టుబడి ఉండేది, జీతాలకు వాడకూడదనేది నిబంధన. రాయి డబ్బుతో అదే కాలువకు మళ్లీ బిల్లు పెడితే ఆడిట్‌లో దొరుకుతారు. రిజిస్టర్‌లో మూడూ మూడు పేజీలుగా ఉండాలి.

లెక్క అడగండి

వాటా ఎంత పడిందో చూసి సంతోషించే పంచాయతీలే తప్ప, ఎంత పడాలో లెక్కించే పంచాయతీలు అరుదు. మీ పరిధిలోని ఒక్కో లీజు పేరు, విస్తీర్ణం, గడువు తేదీ, గత ఏడాది తరలించడానికి పర్మిట్లు ఇచ్చిన ఖనిజం పరిమాణం కోరుతూ గనుల శాఖ సహాయ సంచాలకుల కార్యాలయానికి లేఖ రాయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అన్నిటికన్నా గడువు తేదీ ముఖ్యం. అది తెలియని పంచాయతీయే నెలవారీ ఖర్చు పెట్టుకుంటుంది.

ఇక వరసగా చెబుతాను. గ్రామసభకు ముందు చదవండి.

– బడ్జెట్‌లో సీనరేజి వాటాను అంచనా ఆదాయంగా రాయవద్దు. జమపడ్డాకే పని మొదలుపెట్టాలి.

– ఒక ఏడాది బాగా వచ్చిందని మరుసటి ఏడాదికి అదే అంకె వేయవద్దు. బాగా వచ్చిన ఏడాది అంటే కొండ వేగంగా తరిగిన ఏడాది.

– “తాత్కాలికంగానే పెట్టుకుందాం” అని ఎవరినీ పనిలోకి తీసుకోవద్దు. రెండేళ్లు పని చేసిన మనిషిని తీసేయడం ఏ సర్పంచ్ వల్లా కాదు. ఆ మనిషి ఇంట్లో పొయ్యి మీ తీర్మానం మీద వెలుగుతుంటుంది.

– క్వారీ యజమాని ఇచ్చే జాతర చందా, గుడి రేకులు, వినాయక మండపం ఖర్చు ఆదాయం కాదు. అవి తీసుకున్న ఊరు పర్మిట్ పరిమాణం అడగడం మానేస్తుంది. ఇచ్చేవాడికీ ఆ సంగతి తెలుసు. ఊరికి ఏమైనా ఇస్తానంటే పంచాయతీ పేరున చెక్కు, రసీదు, గ్రామసభలో ప్రకటన. లేదంటే వద్దు.

– పంచాయతీ పేరు చెప్పి రోడ్డుకు కర్ర అడ్డంపెట్టి టిప్పరుకు ఇంత అని వసూలు చేయవద్దు. రేపు కేసయితే ముందు పేరు మీదే.

– టిప్పర్ల వల్ల రోడ్డు పాడైతే ఫోటో, తేదీ, వాహనం నంబరుతో ఫిర్యాదు చేయండి. అదే రోడ్డును ఏటా రాయి డబ్బుతో బాగుచేయిస్తూ కూర్చుంటే మీ వాటాతో వాళ్ల దారి నడుపుతున్నట్టే. ఇదీ నెలవారీ ఖర్చే, మారువేషంలో వస్తుంది.

– 2024 జులై 25న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది ధర్మాసనం రాయల్టీ పన్ను కాదని, ఖనిజ భూములపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని తీర్పు ఇచ్చింది. రాష్ట్రాలకు అంటే రాష్ట్రాలకు. ఆ వార్త చూసి పంచాయతీ బడ్జెట్‌లో కొత్త పద్దు తెరవవద్దు.

– షెడ్యూల్డ్ ప్రాంతమైతే చిన్న ఖనిజం లీజుకు ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫార్సు తప్పనిసరి. ఇది 1996 పెసా చట్టం. తేదీ లేని కాగితం మీద, ఖాళీ తీర్మానం పుస్తకంలో సంతకాలు పెట్టవద్దు. వేలిముద్రలైతే అసలే వద్దు.

– మూసేసిన గుంతకు కంచె వేయడం లీజుదారుడి బాధ్యత. అతను వెళ్లిపోకముందే రాతపూర్వకంగా అడగండి. వెళ్లాక ఫోను ఎత్తడు. వానాకాలం ఆ గుంతల్లో ఈతకు దిగేది మన పిల్లలే.

– కాంట్రాక్టరుకు బకాయి పెట్టి, “వచ్చే సీనరేజిలో ఇస్తాం” అని మాట ఇవ్వవద్దు. ఇదీ అదే తప్పు.

– వీధి దీపాలు పెంచేముందు ఇప్పుడున్న వాటి బిల్లు ఎవరు కడుతున్నారో చూడండి.

– మార్చి చివరి వారంలో పని మొదలుపెట్టవద్దు.

– ఇంటి పన్ను వసూలు ఆపవద్దు. “రాయి డబ్బు వస్తోంది కదా, పన్నెందుకు” అన్న మాట గ్రామసభలో ఎవరో ఒకరు అంటారు, చప్పట్లు కూడా పడతాయి. ఒప్పుకోవద్దు. పన్ను అలవాటు ఒకసారి పోతే రాయి అయిపోయాక తిరిగి రాదు. అప్పుడు నెలవారీ ఖర్చుకు ఏ ఆధారమూ ఉండదు.

– పదవీకాలం ముగిసేటప్పుడు చెల్లించాల్సిన కరెంటు, జీతాలు, కాంట్రాక్టరు బకాయిలన్నీ ఒక కాగితం మీద రాసి, ప్రతి లీజు గడువు తేదీ పక్కన వేసి, సర్పంచ్, కార్యదర్శి ఇద్దరూ సంతకాలు చేయండి. ఒక నకలు మండల పరిషత్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. మరొకటి నోటీసు బోర్డులో అంటించండి, వానకు తడవని చోట.