అమ్మ నగలు ఎవరికి? ముందే రాయించండి

పొలం, ఇల్లు ఎలాగో సర్దుకుంటారు గానీ, అమ్మ నగల దగ్గరే మనసులు విరుగుతాయి. మా ఇంట్లో ఇలా చేశాం.

ప్రతి నగనూ తూకం వేయించి ఫోటో తీశాం. ‘నా తదనంతరం’ అని మొదలుపెట్టి, ఏ నగ, ఎన్ని గ్రాములు, ఎవరికి అన్నది అమ్మ చేత్తోనే తెల్లకాగితం మీద వీలునామాగా రాయించాం. పిల్లలం, కోడళ్లం అందరం ఉండగా అమ్మే చదివింది. అదే అన్నిటికంటే మేలు చేసింది. చివర తేదీ, అమ్మ సంతకం, ఆమె ఎదుటే ఇద్దరు సాక్షుల సంతకాలు. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సాక్షులుగా నగలు అందుకునేవాళ్లు వద్దు, అమ్మకంటే చిన్నవాళ్లైన పక్కింటివాళ్లను పిలిచాం.

ఒక్క జాగ్రత్త: రాసిన నగను తర్వాత అమ్మినా, కరిగించి వేరేది చేయించినా ఆ లైను పనికిరాదు. వెంటనే కొత్త కాగితం రాయించి, మళ్లీ సాక్షులతో సంతకాలు పెట్టించాలి.