రాయి చదవడం, 3వ పాఠం: గ్రానైట్‌లో గింజలు గుర్తుపట్టడం, లెక్కపెట్టడం

పోయినసారి హోంవర్క్ గుర్తుందిగా, కొత్తగా పగిలిన గ్రానైట్ ముక్క ఒకటి తెచ్చుకోమన్నా. హైదరాబాద్‌లో ఉన్నోళ్లకి ఇబ్బందే లేదు, సెల్లార్ తవ్వే చోట కుప్పలు పడుంటాయి, అడిగి తీసుకోండి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి అది, దాన్ని లారీకింత అని తోలేస్తుంటారు, సరే ఆ బాధ వేరే. కిచెన్ ప్లాట్‌ఫాం వేయగా మిగిలిన నల్ల ముక్క తెచ్చుకున్నవాళ్లు మాత్రం దాన్ని పక్కన పెట్టేయండి. షాపులో బ్లాక్ గ్రానైట్ అంటారు గానీ గ్రానైట్‌లో దండిగా ఉండాల్సిన క్వార్ట్జ్, అంటే పలుగురాయి, అందులో నామమాత్రమే, మన చీమకుర్తి గెలాక్సీ కూడా గాబ్రో అనే వేరే నల్లరాయి జాతే, అందులో మెరిసే ఇత్తడి చుక్కలు పైరాక్సీన్ అనే ఖనిజం. పాలిష్ పట్టిందంటే చాలు, షాపువాళ్లకి అన్నీ గ్రానైట్లే.

ముక్కని కడిగి ఆరబెట్టి ఎండలోకి రండి. 10ఎక్స్ లెన్స్, అంటే పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, కంటికి ఆనించి పెట్టుకుని రాయినే దగ్గరికి తీసుకురావాలి, లెన్స్‌ని రాయి మీద పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ కనపడదు. ఇప్పుడు రాయిని మెల్లగా తిప్పండి. కొన్ని గింజలు, అంటే రాయిలోని ఖనిజం పలుకులు, ఒక్క కోణంలో చిన్న అద్దంలా తళుక్కుమని మళ్లీ ఆరిపోతాయి, అవి ఫెల్డ్‌స్పార్. దానికి దాదాపు లంబకోణంలో రెండు దిక్కుల్లో నున్నగా చీలే గుణం ఉంది, ఆ చీలిన పలకే మెరిసేది. ఎంత తిప్పినా అలా మెరవకుండా, తడిసిన రాళ్లుప్పులా బూడిద రంగులో జిడ్డుగా కనపడేది క్వార్ట్జ్. దానికి చీలిక లేదు, సీసా అడుగు పగిలినట్టు వంపుగా పగులుద్ది. మొత్తం పాఠంలో ఇదొక్కటి చేతికొస్తే మిగతాదంతా వచ్చేస్తది, అందుకే ఒక అరగంట తిప్పుతూనే ఉండండి, ఇంట్లోవాళ్లు ఏమన్నా అనుకోనీండి. ఒక్కోసారి ఒకే ఫెల్డ్‌స్పార్ గింజలో సగం మెరిసి సగం డల్‌గా ఉంటది, కొంచెం తిప్పితే ఆ రెండో సగం మెరుస్తది, కంగారు పడకండి, అది అతుక్కుని పెరిగిన జంట క్రిస్టల్.

చాకుతో గీకి తేల్చేద్దాం అనుకుంటారేమో, నేనూ మొదట్లో అదే చేసి టైం వేస్ట్ చేసుకున్నా. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేల్ మీద క్వార్ట్జ్ 7, ఫెల్డ్‌స్పార్ 6, మామూలు చాకు 5.5 దగ్గర ఉంటది, అంటే రెండిట్లో దేని మీదా గీత పడదు. చాకు పనికొచ్చేది నల్లగింజల దగ్గర, మొనతో కదిపితే పొరలుగా లేచొస్తే బయోటైట్ అనే నల్ల అభ్రకం, లేవకుండా పొడుగ్గా పుల్లలా ఉంటే హార్న్‌బ్లెండ్.

ఫెల్డ్‌స్పార్ మళ్లీ రెండు రకాలు. గులాబీ రంగుది సాధారణంగా పొటాష్ ఫెల్డ్‌స్పార్, తెల్లది చాలావరకు ప్లేజియోక్లేజ్, కానీ పొటాష్‌ది కూడా తెల్లగా ఉండొచ్చు కాబట్టి రంగుని నమ్మకండి. మెరిసే పలక మీద స్కేలుతో గీసినట్టు సన్నటి సమాంతర గీతలు కనపడితే ప్లేజియోక్లేజ్ ఖాయం. ల్యాబ్‌లో అయితే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పట్టించి రసాయనంతో పొటాష్‌ది పసుపు రంగు ఎక్కేలా చేస్తారు, అది ఎముకల దాకా దిగే యాసిడ్, ఇంట్లో ఆ ప్రయోగం వద్దే వద్దు.

ఇక గింజల ఆకారం చూడండి. పండక్కి ఊరెళ్లే బస్సు గుర్తు తెచ్చుకోండి, ముందు ఎక్కినోళ్లు కర్చీఫ్ వేసి దర్జాగా కూర్చుంటారు, చివర్లో ఎక్కినోళ్లు సందు ఎక్కడుంటే అక్కడ ఇరుక్కుంటారు. భూమి లోపల కరిగిన రాయి నిదానంగా చల్లారేటప్పుడు బయోటైట్, ప్లేజియోక్లేజ్ లాంటివి ముందు గట్టిపడతాయి, చుట్టూ ద్రవమే కాబట్టి వాటి అంచులు నీట్‌గా తీరుతాయి, క్వార్ట్జ్ ఆఖర్న మిగిలిన ఖాళీల్ని పూడుస్తది, అందుకే దానికంటూ సొంత ఆకారం ఉండదు. పెద్ద గులాబీ క్రిస్టల్ లోపల బుల్లి నల్ల రేకులు కనపడ్డాయా, అయితే ఆ బయోటైట్ ముందే ఉంది, ఇది దాన్ని మింగుతూ పెరిగింది. ఇదే ద్రవం పైకొచ్చి గబగబా చల్లారితే గింజలు కంటికి ఆనవు, అప్పుడు దాని పేరు రయోలైట్.

ఇప్పుడు లెక్క. దీనికి పాలిష్ ముక్క మంచిది, గ్రానైట్ షాపులో గులాబీ రంగు వేస్ట్ ముక్క అడగండి. ట్రాన్స్‌పరెంట్ షీట్ మీద 10 అడ్డగీతలు, 10 నిలువు గీతలు గీయండి, గీతల మధ్య దూరం గింజ కన్నా ఎక్కువుండాలి, లేకపోతే ఒకే గింజని నాలుగుసార్లు లెక్కేస్తారు. 100 కూడళ్లు వస్తాయి, ఒక్కో కూడలి కింద ఏ ఖనిజం ఉందో రాసుకోండి. ఉదాహరణకి క్వార్ట్జ్ 28, పొటాష్ ఫెల్డ్‌స్పార్ 34, ప్లేజియోక్లేజ్ 26, నల్లవి 12 వచ్చాయనుకుందాం. నల్లవి తీసేస్తే 88, అందులో క్వార్ట్జ్ 32 శాతం, ఇది 20కి 60కి మధ్య ఉండాలి, ఉంది. మొత్తం ఫెల్డ్‌స్పార్ 60లో ప్లేజియోక్లేజ్ 43 శాతం, ఇది 10 నుంచి 65 లోపు ఉంటే అసలు గ్రానైట్, 65 దాటితే గ్రానోడయోరైట్ అనే దగ్గరి చుట్టం రాయి అయిపోద్ది.

షీట్‌ని అడ్డంగా తిప్పి ఇంకోసారి లెక్కేయండి, నాలుగైదు తేడా వస్తే మామూలే, పదిహేను వస్తే మాత్రం క్వార్ట్జ్‌నీ తెల్ల ఫెల్డ్‌స్పార్‌నీ కలిపేశారన్నమాట, మళ్లీ ఎండలోకెళ్లి రాయి తిప్పండి. వచ్చేసారి పెగ్మటైట్, గూడూరు వైపు అభ్రకం గనుల్లో దొరికే రకం, అక్కడ గింజలు లెన్స్‌తో కాదు, టేపుతో కొలవాలి.