పియానోపై చేతులు బిగపట్టకుండా, స్వరాల శబ్దంలో హెచ్చుతగ్గులు పలికించడం ఎలా?

పియానో మీట దిగే లోతు సుమారు 10 మిల్లీమీటర్లే. అది అడుగుకు తగలకముందే లోపలి సుత్తి మీట పట్టు విడిపించుకుని తీగ మీదికి ఎగురుతుంది. ఆ క్షణాన సుత్తికి ఎంత వేగముంటే స్వరం అంత గట్టిగా పలుకుతుంది. ఆ తర్వాత మీటను ఎంత అదిమినా స్వరం మారదు, ముంజేయి అలిసిపోతుంది. బిగువు చాలావరకు ఈ అదమడం వల్లే వస్తుంది.

ముందు బెంచీ సరిచూసుకోండి. దాని ముందు సగంలో కూర్చుని పాదాలు నేలకు ఆనించండి. మోచేతులు మీటల ఎత్తులోనో, రవ్వంత పైనో ఉండాలి. బెంచీ మరీ కిందికుంటే భుజాలు పైకి లేస్తాయి, మణికట్టు కుంగుతుంది.

ఇప్పుడు ఎడమచేత్తో కుడి ముంజేతిని ఎత్తి వదలండి. ఒళ్లో బరువుగా పడాలి. గాల్లో నిలిచిందంటే కండరాలు ఇంకా పట్టి ఉంచాయన్నమాట. అదే బరువును మధ్యవేలి మీదుగా ఒక మీటపైకి దించండి. స్వరం పలకగానే బరువు తగ్గించి, మీట పైకి లేవకుండా ఉండేంతే ఉంచండి. చాలా పియానోల్లో మీట దిగడానికే 50 గ్రాములు చాలు, నిలిపి ఉంచడానికి అంత కూడా అక్కర్లేదు. మీట దిగి ఉండగానే మణికట్టు పైకీ కిందికీ తేలిగ్గా ఊగితే సరిగా చేస్తున్నట్టే. అయితే వేలి చివరి కణుపు లోపలికి వంగిపోకూడదు. చేయి వదులు, వేలికొన దృఢం.

తర్వాత మెట్రోనోమ్ (లయ కోసం టిక్ టిక్ మనే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, వరుసగా ఉన్న అయిదు తెల్ల మీటలు సి, డి, ఇ, ఎఫ్, జి వాయించండి. ఒక్కో స్వరానికి రెండు దెబ్బలు: మొదటిదానికి వాయించడం, రెండోదానికి వదులు చేయడం. చేయి బిగియకుండా ఉంటేనే నాలుగు చొప్పున వేగం పెంచండి. నొప్పో తిమ్మిరో వస్తే ఆ రోజుకు ఆపేయండి.

ఇవే అయిదు స్వరాలను తక్కువ శబ్దంతో మొదలుపెట్టి, శబ్దాన్ని క్రమంగా పెంచుతూ వాయించండి. శబ్దంతోపాటు వేగమూ పెరిగిపోవడం ఇక్కడ అందరూ చేసే తప్పు. బాగా తక్కువ శబ్దంతో వాయించేటప్పుడు కొన్ని స్వరాలు అసలు పలకవు, మీట మరీ నిదానంగా దిగితే సుత్తి తీగ దాకా వెళ్లదు కాబట్టి. వేళ్లను ముందే మీటలకు ఆనించి ఉంచి, ప్రతి మీటనూ అడుగుదాకా దించండి.

చివరగా సి-ఇ-జి కార్డ్, అంటే కలిసి పలికే స్వరాల గుంపు. మూడూ ఒకేసారి వాయిస్తూ పై స్వరం ఒక్కటే ముందుకు వినిపించాలి. కుదరకపోతే జి ని గట్టిగా పలికించి, తేలిగ్గా పట్టి ఉంచి, మిగతా రెంటినీ తక్కువ శబ్దంతో తాకి వెంటనే వదలండి. చేతి బరువు కాస్త చిటికెనవేలి వైపు వాలనివ్వండి. అది పట్టుబడ్డాక ఇ ని పైకి తేవడానికి ప్రయత్నించండి. మధ్య స్వరమే అన్నిటికన్నా కష్టం.