నాన్న గురించి రాయాలంటే

పెద్దకర్మ రోజు చదవడానికి నాన్న గురించి రాయమంటే నేను ముందు ఆయన ఉద్యోగాల జాబితా రాసి, చింపేశాను. మీరు ముందు బీరువా తెరవండి. మా నాన్న ఇరిగేషన్ ఇంజినీరు. ఆయన డైరీల్లో కాలువ నీటిమట్టాల పక్కనే మా స్కూలు ఫీజులు, అమ్మ మందుల వేళలు ఉన్నాయి. అవే రాయండి.

తోటి ఉద్యోగులకి ఫోన్ చేసి ఒక్క సంఘటన చెప్పమనండి. "మంచివారు" అంటే సరిపోదు.

తేదీలు సరిచూసుకోండి. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. అప్పటికి నాన్న హైస్కూల్లోనే ఉన్నారు, కాబట్టి దాన్ని ఆయన కట్టారని రాయలేను. 2009 అక్టోబరు వరదప్పుడు మాత్రం, రిటైరై ఏళ్లు గడిచినా, రాత్రంతా టీవీ ముందు కూర్చుని ఆ 70 గేట్ల గురించే టెన్షన్ పడ్డారు.

ప్రింటుకిచ్చే ముందు అమ్మకి చదివి వినిపించండి. మా అమ్మ ఒక్క మాట కలిపింది: ఆదివారం పెసరట్లు ఆయనే వేసేవారు.